తెల్ల దారం

గురువారం ఉదయం తల్లి సంచి సర్దుతోంది. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన. అన్నిటికీ అడుగున సాక్షుల పేర్లు రాసిన కాగితాలు. కూతురు బడిలో టీచరు. చెప్పులేసుకుని తమ వీధిలో నడిచారన్న కోపంతో పై కులాలవాళ్ళు సోమవారం రాత్రి చెప్పులు కుట్టేవాళ్ళ వీధిని తగలబెట్టారు. టీచరు తాత తన ఇంట్లోనే కాలిపోయాడు. ఆ సంగతి పట్నం కోర్టులో చెప్పడానికి ఆమె బయలుదేరుతోంది.

తెగిన సంచి పట్టీని తండ్రి కుట్టి ఇచ్చాడు.

"నల్ల పట్టీకి తెల్ల దారమా నాన్నా? చూసినవాళ్ళు నవ్విపోరూ!"

"నల్ల దారమంతా బుగ్గయింది కదమ్మా. నిన్న ఎవరో దానమిచ్చింది ఇదే. పిడి కాలినా తోలుకు బొక్క పొడిచే ఆరె మిగిలింది, సంతోషించు."

తల్లి బస్టాండు దాకా వస్తానంది.

"కాపురానికి వెళ్తున్నానా ఏంటమ్మా? రేపు వచ్చేస్తాగా," అని ఏడున్నరకు ఆమె గడప దాటింది.

బస్టాండులోనే పోలీసులు పట్టుకున్నారు.

శుక్రవారం తల్లీ తండ్రీ ఒక ప్రైవేటు డిటెక్టివ్ గుమ్మం ముందు చెప్పులు విప్పబోయారు.

"వేసుకునే రండి," అన్నాడాయన.

ఆయన సహాయకురాలైన టైపిస్టు కుర్చీలు వేసింది. ఆయన ప్రశ్నలు మొదలుపెడితే ఆమె వేళ్ళు మిషను మీద ఆగిపోతాయి.

"మా పిల్లే నిప్పు పెట్టిందంట బాబూ! నేరం పై వీధి మీదికి తోయడానికి సొంత తాతనే చంపుకుందంట!" అంది తల్లి.

స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు నకలును టైపిస్టు చదివింది. పై వీధి మిల్లు ఓనరు సోమవారం రాత్రి రాసి ఇచ్చినట్టుంది: 'టీచరు బయట గొళ్ళెం పెట్టి ముసలాయన ఇంటికి నిప్పంటించింది. పారిపోతూ సంచి పడేసింది. నల్ల పట్టీ, తెల్ల దారం కుట్టు. సంచిని వెంటనే స్టేషనులో అప్పగించాను.'

డిటెక్టివ్ తండ్రి వైపు తిరిగాడు. "మీ పనిముట్లేమైనా మిగిలాయా?"

"ఆరె ఒక్కటేనండి."

"మీ నాన్నగారి ఇంటి తలుపు?"

"తలుపెక్కడిది బాబూ? మేం పరిగెత్తేసరికే బొగ్గు."

మర్నాడు టైపిస్టు తాత ఇంటి గుమ్మం దగ్గర బూడిద జల్లించి ఒక ఇనుప ముక్క తెచ్చింది. డిటెక్టివ్ దాన్ని చాలాసేపు చూసి, పట్నంలోని పెద్దాఫీసరుకు ఫోన్ చేశాడు.

సోమవారం ఉదయం పెద్దాఫీసరు, మిల్లు ఓనరుతో సహా అందరూ స్టేషన్లో చేరారు. తల్లి చేతిలో అన్నం క్యారియరు ఉంది.

"పిల్ల తింటోందండీ. మూడు రోజులుగా ఖాళీగానే తిరిగొస్తోంది," అంది టైపిస్టుతో.

బల్లమీద సంచి పెట్టించి డిటెక్టివ్ మొదలుపెట్టాడు.

"పోయిన సోమవారం రాత్రి దొరికిన సంచికి బుధవారం వచ్చిన దారం ఎలా పట్టింది? దానమిచ్చినవాళ్ళు బయటే ఉన్నారు, అడగండి. గురువారం ఈ సంచిని బస్టాండులో లాక్కున్నారు. తర్వాత దాన్ని చూస్తూ ఫిర్యాదు రాయించి, పాత తేదీ వేశారు."

మిల్లు ఓనరు నవ్వాడు. "చెప్పులు కుట్టేవాడి దారం పట్టుకుని నన్ను ఉరి తీస్తావా నాయనా?"

"దారంతో కాదు, గొళ్ళెంతో." డిటెక్టివ్ ఇనుప ముక్కను సంచి పక్కన పెట్టాడు. గొళ్ళెం కొక్కేనికి తగిలించినట్టే ఉంది. "బూడిదలో దొరికేదాకా ఇది పెట్టి ఉందని ఊళ్ళో ఎవరికీ తెలీదు. మీ ఫిర్యాదులో మాత్రం ఉంది. అందులో టీచరు అబద్ధం, సంచి అబద్ధం. గొళ్ళెం ఒక్కటే నిజం. పెట్టిన చెయ్యి మీది కాబట్టి."

మిల్లు ఓనరు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై గోడ వైపు చూశాడు.

"ఆ అమ్మాయిని తీసుకురండి," అన్నాడు పెద్దాఫీసరు.

ఎవరూ కదల్లేదు.

"ఒంట్లో బాలేదందండి. ఆస్పత్రికి పంపాం," అన్నాడు ఎస్సై.

"ఎప్పుడు?"

"శనివారం."

తల్లి క్యారియరు వైపు చూసుకుంది. "మరి నిన్నటి అన్నం ఎవరు తిన్నారయ్యా?"

మూల నిలబడ్డ కానిస్టేబులు మూతి తుడుచుకున్నాడు.

తండ్రి బల్ల దగ్గరికి వచ్చి పట్టీ మీద చెయ్యి వేశాడు. "ఇదన్నా ఇస్తారా బాబూ?"

"సాక్ష్యం. ముట్టుకోకు," అన్నాడు ఎస్సై.

అరెస్టయిన మిల్లు ఓనరు పన్నెండో రోజున బెయిలు మీద ఇంటికి వచ్చాడు. సస్పెండైన ఎస్సై రెండు నెలలకు అదే కుర్చీలోకి వచ్చాడు. గురువారం ఏడున్నరకు గడప దాటిన టీచరు శనివారం తెల్లవారేలోపు లాకప్‌లో చనిపోయింది. ఆమె తిరిగి రాలేదు.