ఎడమ చేతి రక్తం

బుధవారం ఉదయం ఆరు గంటలకు హాస్టల్ గదిలో నాగశ్రీ మంచం ఖాళీగా ఉంది.

రాజమండ్రిలోని ఆ వెయిట్‌లిఫ్టింగ్ అకాడమీకి పేరు తెచ్చిన అమ్మాయి ఆమె. ఇరవై రెండేళ్లు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబం. వచ్చే వారమే జాతీయ పోటీలు. మంగళవారం సాయంత్రం ఆమె పేరు జట్టులోంచి తీసేశారు. రక్తంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఆడవాళ్లకు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువుందని రిపోర్టు వచ్చింది. రాత్రికల్లా ఆ రిపోర్టు అందరి ఫోన్లలోనూ తిరిగింది.

"గోదావరి వంతెన దగ్గర వెతికించండి మేడం" అన్నాడు అకాడమీ మేనేజర్ శశిభూషణ్.

ఎస్సై వరహాలక్ష్మి అతనివైపు చూసింది. "అక్కడెందుకు?"

"అవమానం కదండీ. ఆడపిల్లాయె."

ఆమె గదంతా కలియజూసింది. షూ లేవు. ఆధార్ కార్డు లేదు. ఫోన్ ఛార్జర్ కూడా లేదు.

"చావడానికి వెళ్లేవాళ్లు ఛార్జర్ సర్దుకోరండి. ఎవరున్నారు ఆమెకి దగ్గర్లో?"

సమాధానం రూమ్మేట్ ఫణిశ్రీ చెప్పింది. శశిభూషణ్ మేనకోడలు ఆమె. నాగశ్రీ బరువు విభాగంలోనే రెండో స్థానం.

"సామర్లకోటలో పిన్నిగారు ఉన్నారండి."

మధ్యాహ్నానికి వరహాలక్ష్మి సామర్లకోట చేరింది. పిన్నిగారింట్లో నాగశ్రీ పప్పన్నం తింటోంది.

"పారిపోయి వచ్చావా?"

"లేదండి. కాకినాడ వెళ్లి మళ్లీ రక్తం ఇచ్చి వచ్చాను. సాయంత్రం రిపోర్టు వస్తుంది."

"ఫోన్ ఎందుకు ఆపేశావు?"

"ఆడదానివేనా అని అడుగుతున్నారండి. నాకు తెలియని నంబర్ల నుంచి కూడా." ఆమె పళ్లెం పక్కకి జరిపింది. "మా నాన్నగారు ఫోన్ ఎత్తి ఏమీ మాట్లాడలేదు. అదొక్కటే తట్టుకోలేకపోయాను. మిగతా వాళ్లకి నేను భయపడనండి."

"సూదిమందులేమైనా వాడావా?"

"లేదండి."

"మాత్రలు? పౌడర్లు?"

"మోచేతి నొప్పికి ఆయింట్‌మెంట్ రాసుకున్నాను. అంతే."

"ఏ మోచెయ్యి?"

"ఎడమదండి, లోపలి మడత దగ్గర. టెస్టు రోజు పొద్దున్నే మేనేజర్ గారు చిన్న కాగితంలో వేసి ఇచ్చారు."

"మంట పుట్టిందా?"

"లేదండి. చల్లగా తగిలి ఆరిపోయింది. స్పిరిట్ వాసన."

సాయంత్రం కాకినాడ రిపోర్టు వచ్చింది. నార్మల్.

మర్నాడు వరహాలక్ష్మి మొదటి ల్యాబ్‌కి వెళ్లింది. ట్యూబ్ మారిందేమోనన్నది ఆమె మొదటి అనుమానం. అది నిలబడలేదు. కోచ్ వెంకటరాజు, శశిభూషణ్ ఎదురుగానే టెక్నీషియన్ రక్తం తీసి, లేబుల్ అంటించాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. మెషీన్‌లో మళ్లీ పెట్టినా అదే అంకె.

రక్తం ఆమెదే. అంకె ఆమెది కాదు.

"డాక్టర్ గారూ, ఒంట్లో లేనిది ట్యూబ్‌లోకి వచ్చే దారుందా?"

ల్యాబ్ డాక్టర్ రిపోర్టు మళ్లీ తిప్పి చూశాడు. "ఒకటుంది. టెస్టోస్టిరాన్ తక్కువైన మగవాళ్లకి చర్మానికి రాసుకునే జెల్ ఇస్తారు. రాసిన చోటే సూది గుచ్చితే అంకె అమాంతం పెరిగిపోతుంది. స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోదు."

వరహాలక్ష్మి టెక్నీషియన్‌ని పిలిపించి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు విని లేచింది. అక్కడి నుంచి అకాడమీ దగ్గరి మెడికల్ షాపుకి వెళ్లింది.

శుక్రవారం పది గంటలకు అకాడమీ హాల్లో అందరూ కూర్చున్నారు. శశిభూషణ్, ఫణిశ్రీ, వెంకటరాజు, అసోసియేషన్ సెక్రటరీ. నాగశ్రీ మాత్రం నిలబడే ఉంది.

"కోచ్ గారూ, ఒక చేతికి నొప్పుంటే సూది ఏ చేతికి వేయించుకుంటాం?"

"రెండో చేతికండి."

"ఈమెకి ఎడమ మోచెయ్యి నొప్పి. టెక్నీషియన్ కుడి చెయ్యి అడిగాడు. వద్దు, ఎడమదే తియ్యి అన్నారు ఒకరు. నొప్పున్న చేతినే ఎందుకు పొడవమన్నారు శశిభూషణ్ గారూ?"

"కుడి చేతికి టేపుంది మేడం."

"మణికట్టుకి ఉంది. రక్తం తీసేది మోచేతి దగ్గర. మీరిచ్చిన ఆయింట్‌మెంట్ పేరేంటి?"

"ఏదో నొప్పులదండి."

"నొప్పుల మందు మండుతుంది. గదంతా ఘాటు వాసనొస్తుంది. ఫణిశ్రీ, ఆ రోజు గదిలో అలాంటి వాసనొచ్చిందా?"

ఫణిశ్రీ తల అడ్డంగా ఊపింది.

"అకాడమీ దగ్గరి మెడికల్ షాపులో అడిగాను. నెలనెలా డాక్టర్ చీటీతో మీ పేరు మీదే టెస్టోస్టిరాన్ జెల్ కొంటున్నారు. కాదంటే మీరూ రక్తం ఇవ్వండి. ఆ చీటీ మీకెందుకు రాశారో తేలిపోతుంది."

శశిభూషణ్ కుర్చీలోంచి లేచాడు. "అది నా సొంత విషయమండి. నలుగురిలో అడగకూడదు."

"ఈమెది నలుగురి ఫోన్లలో పెట్టారు. మీకు తగ్గితే దాచుకోవాల్సిన విషయం, ఆమెకి పెరిగితే జట్టులోంచి గెంటేసే విషయమా?"

అతను మేనకోడలి వైపు తిరిగాడు. "నీకోసమే చేశానే. ఇంకెన్నాళ్లు రెండో స్థానంలో ఉంటావు?"

ఫణిశ్రీ లేచి నాగశ్రీ పక్కకి వెళ్లి నిలబడింది. "నేను ఓడిపోయింది అక్క చేతిలో మావయ్యా. అందులో నాకు సిగ్గు లేదు. ఇందులో ఉంది."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ శశిభూషణ్‌ని బయటికి తీసుకెళ్లాడు.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "మంచే జరిగిందమ్మా. ఆ నార్మల్ రిపోర్టు కాపీ ఒకటి ఇచ్చేయ్. సాయంత్రానికి నీ పేరు ఎక్కించేస్తాం."

"ఇవ్వనండి" అంది నాగశ్రీ.

"ఏంటమ్మా?"

"నా అనుమతి లేకుండా నా రిపోర్టు ఊరంతా పంచారు. నన్ను ఒక్క మాట అడక్కుండా పేరు తీసేశారు. అది మీ తప్పని రాసి, సంతకం పెట్టండి. అప్పుడు వస్తాను. నార్మల్ వచ్చిందని జాలిపడి పిలిస్తే రాను."

"పోటీలు వచ్చే వారమేనమ్మా."

"అందుకే ఇప్పుడే రాయండి."

సెక్రటరీ వెంకటరాజు వైపు చూశాడు. కోచ్ జేబులోంచి పెన్ను తీసి ఆయన ముందు పెట్టాడు. ఆయన రాశాడు.

గుమ్మం దాకా వచ్చిన నాగశ్రీని వరహాలక్ష్మి ఆపింది. రెండు రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న అది.

"కాకినాడలో కూడా ఎక్కువే వచ్చుంటే ఏం చేసేదానివమ్మా?"

"ఇదే చేసేదాన్నండి" అంది నాగశ్రీ. "ఇంకా గట్టిగా."