ఎదురొచ్చిన అమ్మ

తెల్లారేసరికి ఈశ్వరి మూడు పనులు చేసేసింది. అన్నం వార్చింది. కూతురి బూట్లకు అంటిన దుమ్మును పాత గుడ్డతో తుడిచింది. రెండు సీసాల్లో నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పంచదార కలిపింది. ఆ ఉప్పు నౌపడ ఉప్పు మడుల్లో తను కూలికి పోగు చేసిందే. ఇక నాలుగో పని మిగిలింది. అది దాక్కోవడం.

అనూరాధ టెన్నిస్ పోటీకి బయలుదేరే ప్రతిసారీ ఈశ్వరి పెరట్లోకి వెళ్ళి, తాటాకుల దడి వెనక పిడకల పక్కన కూర్చుంటుంది. ఆటో చప్పుడు రైల్వే గేటు దాటేదాకా లేవదు. భర్త నూకయ్య పోయి ఎనిమిదేళ్ళయింది. మొగుడు పోయిన మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదని ఎవరూ ఆమెకు నేర్పనక్కర్లేదు. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా అత్త అసిరమ్మ అలాగే తప్పుకుంటోంది.

ఒక్కసారి మాత్రం ఈశ్వరి పొరపాటు చేసింది. పోయిన ఏడాది కూతురు మొదటి పెద్ద పోటీకి వెళ్తూ టోపీ మరిచిపోతే, ఆగలేక వీధిలోకి పరిగెత్తి ఆటోకు ఎదురెళ్ళి అందించింది. ఆ పోటీలో అనూరాధ మొదటి ఆటే ఓడిపోయి వచ్చింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు. బావగారు జగన్నాధం రెండు రోజులు తలవంచుకుని అన్నం తిన్నాడు, అంతే. ఆ తర్వాత ఈశ్వరి తనంతట తనే దడి వెనక్కి పోవడం మొదలుపెట్టింది.

ఈసారి పోటీ విజయనగరంలోనే. ఆడవాళ్ళ ప్రొఫెషనల్ సింగిల్స్. ఎక్కడెక్కడి నుంచో అమ్మాయిలు వచ్చారు. ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి క్వాలిఫయింగ్ ఆటలు గెలిచి అనూరాధ మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి, ఎక్కింది. రెండు రోజులూ ఈశ్వరి దాక్కుంది. రెండు రోజులూ పిల్ల గెలిచింది. దాంతో ఆమెకు కూడా నమ్మకం కుదిరిపోయింది.

“ఏమే ధనలచ్మీ, బిందె పట్టుకొని నిలబడు. గుంట వచ్చేస్తంది,” అని జగన్నాధం వీధిలో భార్యను కేకేయడం పెరట్లోకి వినిపించింది. నిండు బిందెతో ముత్తయిదువ ఎదురొస్తే తప్ప ఆయన ఆటో స్టార్ట్ చేయడు.

అనూరాధ భుజాన సంచితో గుమ్మం దాకా వచ్చింది. సంచి కింద పెట్టేసింది.

“అమ్మేది?”

“పెరట్లో ఉన్నాదిలే. రైలు టైమయిపోతంది, నడు.”

“అమ్మ రావాల, పెదనాన్నా. నాకు అమ్మే ఎదురు రావాల.”

దడి వెనక ఈశ్వరి ఇంకాస్త కిందికి వంగింది.

“ఏటే, నీకు మతి పోయిందా? ఇన్నాళ్ళూ లేనిది ఇయాల ఏటొచ్చింది?”

“నిన్న గెలిచేక వచ్చింది. అందరూ సప్పట్లు కొడతంటే, మా అమ్మ పిడకల పక్కన కూకున్నాదని గుర్తొచ్చింది. నాను గెలిస్తే ఏటంటారు మీరు? అది దాక్కుంది, ఇది గెలిచింది అంటారు. ఇంకోటి గెలిస్తే ఇంకా లోపలికి తోస్తారు. నా గెలుపంతా మా అమ్మని మూలకి తొయ్యడానికేనా?”

అరుగు మీద నుంచి అసిరమ్మ కర్రతో నేల మీద కొట్టింది. “నోరు ముయ్యే! మీ తాత పోయిన కాడ్నుంచి నాను ఎవులికీ ఎదురు రాలేదు. మీ బాబు పెళ్ళికి తరలెల్తంటే కొట్టుగదిలో కూకున్నాను. కన్నకొడుకు పెళ్ళే! నాకేటయ్యింది?”

“ఏటీ అవ్వకపోతే ఇన్నేళ్ళయినా ఎందుకు సెప్పుకుంటన్నావు, నాన్నమ్మా?”

అసిరమ్మ కర్రను ఒళ్ళోకి లాక్కుంది.

“ఎల్లిపోవే అనూ,” దడి అవతల నుంచి ఈశ్వరి గొంతు వచ్చింది. “నాకేటి బాధ లేదు. గెలిచొచ్చీ, తల్లీ.”

“నువ్వు రాకపోతే నానెల్లను. అవతల ఆడే పిల్లకి ఆడకుండానే గెలుపిచ్చేస్తారు. ఇచ్చీమను.”

జగన్నాధం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ పిల్లను వానలో, ఎండలో ఆటో మీద తిప్పింది ఆయనే. “ఎనిమిదేళ్ళు తిప్పేనమ్మా,” అన్నాడు. “మీ డ్రిల్లు మేస్టారు గంగరాజు సెలవు పెట్టినా నాను పెట్టలేదు. నాకు భయం. సేతికి అందినది జారిపోతాదేమోనని భయం.”

“నువ్వు తిప్పేవు. కాదన్నానా? మరి ఆడిన నేల ఎవులు తొక్కేరు? ఆ కాళ్ళు అక్కడ మంచివి, ఈ గుమ్మం ముందర చెడ్డవా?”

ఆ మాటతో ఈశ్వరి తన పాదాల వంక చూసుకుంది. మడమలు ఉప్పుకు తెల్లగా పగిలి ఉన్నాయి.

నూకయ్య చనిపోయిన ఏడాదే ఆ నేల తయారైంది. బడిలో డ్రిల్లు మేస్టారు గంగరాజు దగ్గర రాకెట్లు ఉన్నాయి గాని ఆడే నేల లేదు. పిల్ల రోజూ గోడకు బంతి కొట్టుకుంటుంటే చూడలేక, ఈశ్వరి ఉప్పు మడుల మేస్త్రీని బతిమాలి వాడకంలో లేని ఒక మడి అడిగింది. ఉప్పు మడి చేయాలంటే తడి బంకమన్నును కాళ్ళతో తొక్కి తొక్కి రాయిలా చేయాలి. పని దిగాక తోటి ఆడవాళ్ళు అయిదుగురిని కూడగట్టి, పన్నెండు రోజులు వరసగా చేతులు పట్టుకుని తొక్కింది. సున్నంతో గీతలు గీయించింది. ఏటా వానలకు అది బురదైపోయేది. ఏటా వానలు తగ్గాక మళ్ళీ తొక్కేది. ఆ నేల మీద బంతి మోకాలి పైకి లేవదు. అనూరాధ వంగి ఆడటం అక్కడే నేర్చింది.

ఆ నేల ఎన్నడూ తన అడుగుల్ని కాదనలేదు.

ఈశ్వరి లేచింది. దడి పక్క సందులోంచి చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చి, గుమ్మానికి ఎదురుగా నిలబడింది. ధనలక్ష్మి బిందెతో సహా పక్కకు జరిగింది.

ఇరవై ఏళ్ళుగా ఈశ్వరి బావగారితో తలుపు చాటు నుంచే మాట్లాడింది. ఇప్పుడు ఆయన మొహంలోకి చూసింది.

“బావగారూ, నాను ఎదురొస్తన్నాను. ఈ గుంట ఓడిపోతే నా వల్లేనని ఊరంతా సెప్పండి. పడతాను. ఇంక దాక్కోను.”

అనూరాధ సంచి ఎత్తుకుని తల్లికి ఎదురు నడిచింది. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

“ఓలమ్మా, ఉప్పు సీరతోనే ఎల్తావేటే?” అని ధనలక్ష్మి లబలబలాడింది. “సీరైనా మార్చుకో!”

“రైలు ఆగదు, పెద్దమ్మా,” అంది అనూరాధ. మొత్తం మీద అందరూ కొంచెం నవ్వారు, జగన్నాధం తప్ప.

విజయనగరంలో నీలం రంగు కోర్టు చుట్టూ మెట్లు కట్టి ఉన్నాయి. ఈశ్వరి పోటీ ఆట చూడటం ఇదే మొదలు. అవతల పూణె అమ్మాయి, జానెడు పొడుగు ఎక్కువ. ఆ పక్క ఒక్కతే, ఈ పక్క ఒక్కతే. మధ్యలో వల. దెబ్బ తగిలినా, కాలు జారినా, పక్కన పలకరించే మనిషి లేదు. ఇంత మందిలో ఇంత ఒంటరిగా నిలబడటం ఈ పిల్ల ఎవరిని చూసి నేర్చిందో ఈశ్వరికి తెలిసినట్టే అనిపించింది.

మొదటి సెట్టు అనూరాధ ఓడిపోయింది. ఆరు మూడు.

పక్కన కూర్చున్న జగన్నాధం అటూ ఇటూ కదిలాడు. చివరికి ఆమె వైపు చూడకుండానే అన్నాడు, “ఈశ్వరీ... ఏటీ అనుకోకమ్మా. కాసేపు బయట నీడలో కూకోరాదా? ఒక్క సెట్టు.”

ఈశ్వరి చీర కొంగు చుట్టుకుని సగం లేచింది. అలవాటు అలాంటిది. అంతలో కింద కుర్చీలో తువ్వాలు తల మీద కప్పుకుని కూర్చున్న అనూరాధ, తువ్వాలు తొలగించి మెట్ల వైపు చూసింది. మనుషులందరినీ దాటుకుని తల్లి దగ్గర చూపు ఆపింది.

ఈశ్వరి కూర్చుంది.

“నాను లెగిస్తే ఆ గుంటకి ఈ సోటు కాళీగా అగుపిస్తాది, బావగారూ. నానెల్లను.”

రెండో సెట్టు అనూరాధ గెలిచింది. బంతిని కోసి, నేలకు రాసుకుపోయేలా కొట్టింది. పొడుగు పిల్ల వంగలేకపోయింది. ఉప్పు మడి ఆట అది. జగన్నాధం లేచి ఈల వేశాడు. మూడో సెట్టు అయిదు అయిదు దాకా పోయింది, తర్వాత పూణె అమ్మాయికి ఆరు అయిదు. అప్పుడు అనూరాధ సర్వీసు రెండుసార్లు వలకు తగిలింది, ఒకటి గీత దాటింది. ఏడు అయిదు. ఆట అయిపోయింది.

ఈశ్వరి మిగిలిన నీళ్ళ సీసాను ఒళ్ళోకి తీసుకుంది. పక్కన జగన్నాధం రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఆయన ఏ మాట అంటాడో ఆమెకు తెలుసు. పొద్దున తనే ఒప్పుకుంది కదా, పడతానని.

అనూరాధ చెమటతో మెట్లెక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సెప్పేను కదమ్మా,” అన్నాడు జగన్నాధం మెల్లగా. “పొద్దున్నే సెప్పేను...”

“ఏటి సెప్పేవు, పెదనాన్నా? ఆకర్న సర్వీసు పాడుసేసుకున్నది ఎవులు? నాను. సెయ్యి వణికింది ఎవులికి? నాకు. దీని పేరే సింగిల్సు. గెలిచినా నానే, ఓడినా నానే. ఇంత కష్టపడి ఓడిపోయేను. ఇది కూడా మా అమ్మ పేర రాసేస్తే నాకేటి మిగులుతాది?” తువ్వాలుతో మొహం తుడుచుకుంది. “నా ఓటమి నాదే. ఎవులికీ ఇవ్వను.”

ఈశ్వరి అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఒక్కసారి తెంచుకుంది. ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఏ కీడు జరిగినా అది తనదేనని మోస్తూ వచ్చింది. మొదటిసారి ఒక మనిషి వచ్చి ఆ బరువు చేతుల్లోంచి లాక్కుంది. కూతుర్ని పొట్టకు హత్తుకుని, సీసా మూత తీసి నోటికి అందించింది. “తాగు. ఇంకా ఉన్నాది.”

జగన్నాధం లేచి తువ్వాలు దులుపుకున్నాడు. తర్వాత సంచి తన భుజాన వేసుకున్నాడు. ముగ్గురూ రైలెక్కారు. పొందూరు దాటాక ఆయన పల్లీలు కొని, మొదటి పొట్లం ఈశ్వరి చేతికిచ్చాడు.

తరవాతి పోటీ బెంగుళూరులో. శనివారం పొద్దున ఈశ్వరి తలకు పోసుకుని, మంచి చీర కట్టుకుని, ఎవరూ పిలవకుండానే వీధిలోకి వచ్చి నిలబడింది. అనూరాధ గుమ్మంలోకి రాగానే అరుగు మీద కర్ర చప్పుడైంది. అసిరమ్మ లేచింది. ఒక్కో మెట్టూ దిగి, వణుకుతూ వచ్చి, కోడలి పక్కన నిలబడింది.

“అమ్మా, నువ్వేటే?” అన్నాడు జగన్నాధం.

“నానూ ఎదురొస్తన్నాన్రా. కొడుకు పెళ్ళికి రానియ్యలేదు. మనవరాలికైనా రానీ.” ముసలామె కళ్ళు తుడుచుకోలేదు. “ఓడిపోతే అది దాని సొంతమేనంట కదా. మరి మనకేటి బయ్యం?”

జగన్నాధం ఆటో స్టార్ట్ చేశాడు. అది పక్క సందు వైపు తిరిగి ఉంది, అటు నుంచే పోవచ్చు. కాని ఆయన వెనక్కి తీసి, బండిని మెల్లగా తిప్పి, ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ ఎదురుగా పెట్టాడు.

“ఎక్కవే, తల్లీ,” అన్నాడు. “మంచి ఎదురే వచ్చింది.”