పక్క సీటు మోడల్ నంబర్

"మీ మెమరీ పెట్టాక నా కంప్యూటర్ అసలు ఆన్ కావడమే లేదు. బాగానే అంటగట్టారు" అంటూ డిజైనర్ కౌంటర్ మీద పెట్టె పెట్టింది.

షాపతను పెట్టె తిప్పి చూశాడు. "మీరు రాసిచ్చిన మోడల్‌కి సరిపోయేదే ఇచ్చానండీ. పదండి, వచ్చి చూస్తాను."

ఆమె కంగారుకి కారణం ఉంది. పిల్లల ఆసుపత్రి త్రీడీ డ్రాయింగు తెరిస్తే చాలు, ఆమె వర్క్‌స్టేషన్ మొరాయించేది. మెషిన్ కంపెనీవాళ్లు మెమరీకి మూడింతలు ధర చెబితే, బయటి కంపెనీది కొందామని మేనేజర్‌ని ఒప్పించింది తనే. "తేడా వస్తే ప్రాజెక్టు వేరేవాళ్లకిస్తా" అన్నాడాయన. మధ్యాహ్నం క్లయింట్లు వస్తున్నారు.

ఆఫీసులో అతను మోకాళ్ల మీద కూర్చుని, మెషిన్ వెనక స్టిక్కర్ మీది దుమ్ము తుడిచాడు. నంబర్ చూశాడు. పక్క సీటు మెషిన్ చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

ఆమె నాలుక కరుచుకుంది. తన స్టిక్కర్ గోడవైపు ఉందని, అన్నీ ఒకటేలే అనుకుని పక్క సీటు నంబరే రాసిచ్చింది మరి.

"ఏమైందయ్యా?" వెనక నుంచి మేనేజర్ అడిగాడు.

"పొరపాటు నాదే సార్. వేరే రకం ఇచ్చాను. అరగంటలో సరైనది తెస్తాను."

"ఇక మీ షాపు గడప తొక్కితే ఒట్టు" అన్నాడు మేనేజర్.

అతను ఇరవై నిమిషాల్లోనే వచ్చాడు, వానలో నిలువునా తడిసి. పెట్టె మాత్రం చొక్కా లోపల పొడిగా ఉంది. డ్రాయింగు ఇట్టే తెరుచుకుంది. క్లయింట్లకు ఆమె వార్డు కిటికీలన్నీ తిప్పి తిప్పి చూపించింది.

వాళ్లు వెళ్లగానే మేనేజర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి, చీవాట్లు తిని, సాయంత్రం షాపుకి వెళ్లింది.

"నింద మీ మీదెందుకు వేసుకున్నారు?"

"తేడా వస్తే ప్రాజెక్టు పోతుందని దారిలో చెప్పారుగా మీరు. నాకు ఇంకో కస్టమర్ వస్తాడు. మీకా ప్రాజెక్టు మళ్లీ రాదు కదా."

ఆమె కళ్లు చెమర్చాయి. "ఈ మేలు జన్మలో మర్చిపోను. సార్‌కి నిజం చెప్పేశాను. మిగతా పది మెషిన్లకీ మీ దగ్గరే తీసుకోమన్నారు."

"మోడల్ నంబర్లు?" అతను నవ్వు ఆపుకున్నాడు.

"ఈసారి మీరే వచ్చి చూసుకోండి. రోజుకొకటి చాలు."

"పదీ ఒక్కపూట పనండీ."

"తెలుసు. అందుకే చెబుతున్నా."

అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. "పదిరోజులూ అయిపోయాక?"

"మా ఇంటికి రండి. నాన్నగారి కంప్యూటర్ ఉంది."

"అదీ మొరాయిస్తోందా?"

"అది బాగానే ఉంది. నాన్నగారికే మిమ్మల్ని చూపించాలి."