ఇద్దరు తోడికోడళ్లు, ఒక గాజుగొట్టం

"ఈ మిషన్‌కి లీడర్ నెమలి. నువ్వు అసిస్టెంట్‌వి," అన్నాడు ఛీఫ్.

ఏజెంట్ ఉడుత కడుపులో పొయ్యి రాజుకుంది. నెమలి పై ఆఫీసర్ మాత్రమే అయితే సర్దుకుపోయేది. స్వయానా తోడికోడలాయె! సర్వీసులో మంచి పోస్టింగులన్నీ ఆవిడకే, ఇంట్లో మెప్పులన్నీ ఆవిడకే.

"మా కవర్ ఏమిటి సార్?"

"ఆవిడ టీవీ రిపోర్టర్. నువ్వు లాబ్‌లో గాజుసామాను కడిగే మనిషివి."

"అనుకున్నాలెండి. బ్రీఫింగ్ కానివ్వండి."

ఛీఫ్ గొంతు తగ్గించాడు. ఊపిరితిత్తుల జ్వరంతో పసిపిల్లలు రాలిపోతున్నారు. దానికి మందు కనిపెట్టిన కెమిస్ట్ పేటెంట్ వద్దన్నాడు. తయారీ విధానం, పరీక్షల ఫలితాలు సమస్తం ఇవాళ పన్నెండింటికి నెట్‌లో పెడుతున్నాడు. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరూ సొంతం చేసుకోలేరు. 'గ్రహణం' అనే విదేశీ ముఠాకు అదే మింగుడు పడటం లేదు. బయటపెట్టే ఫలితాలు తప్పని తేలితే ఆ మందును లోకం వదిలేస్తుంది. అసలుది ముఠా తన పేరున రాయించుకుంటుంది.

"లాబ్‌లో వాళ్ల మనుషులెవరో దూరబోతున్నారు. పట్టుకోండి," అన్నాడు ఛీఫ్.

లాబ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఎన్ఎంఆర్ గది. నడుమ మనిషెత్తు డ్రమ్ములాంటి యంత్రం, దాని కడుపులో బ్రహ్మాండమైన అయస్కాంతం. పెన్సిల్ కన్నా సన్నటి గాజుగొట్టంలో మందు పోసి లోపలికి దింపుతారు. రేడియో తరంగాలతో పలకరిస్తే చాలు, అణువులు ఊరూ పేరూ చెప్పేసుకుంటాయి. ఆ మాటలు తెర మీద శిఖరాలై లేస్తాయి. ఆ బొమ్మ చూసి ఏ దేశపు కెమిస్టయినా ఇది ఫలానా అణువని పోల్చేస్తాడు. అబద్ధమాడటం మనుషుల విద్య. అణువులకు రాదు.

ఆ అయస్కాంతం దగ్గరికి ఇనుము, ఫోన్లు పనికిరావు. నెమలి లిప్‌స్టిక్ కెమెరా, ఉడుత గుండీ రేడియో గడప బయటే ఉండిపోయాయి. ఇక మిగిలినవి కళ్లే. ఉడుత కళ్లు నెమలిని వదిలితేగా!

"మాస్టారూ, ఇంటర్వ్యూకి ముందు కాస్త జుట్టు సర్దుకోండి. అబ్బ, ఎంత హుందాగా ఉన్నారో!" అంది నెమలి.

కెమిస్ట్ మురిసిపోయి అద్దం వైపు తిరిగాడు. నెమలి శాంపిల్ గొట్టం పెట్టిన ట్రే మీదికి వంగింది. హ్యాండ్‌బ్యాగ్‌తో వాష్‌రూమ్‌కి వెళ్లి వచ్చింది. మళ్లీ ట్రే మీదికి వంగింది. ఉడుతకు కనిపించింది ఆవిడ వీపు మాత్రమే. తరవాత కెమిస్ట్ గొట్టాన్ని యంత్రంలోకి దింపాడు. తెర మీది బొమ్మను ఒక్కసారి చూసి "భేష్" అనుకున్నాడు.

ఉడుత వరండాలోకి పరిగెత్తి ఛీఫ్‌కి ఫోన్ చేసి సంకేతపదం చెప్పింది.

"వానొచ్చేలా ఉంది."

"గొడుగు తెచ్చుకున్నావా?"

"గొడుగుకే చిల్లు పడింది సార్. నెమలి శాంపిల్ మార్చేసింది."

"చూశావా?"

"వీపు చూశాను."

"ఉడుతా! నీకు ఆవిడంటే కుళ్లని క్యాంటీన్ వాళ్లకి కూడా తెలుసు. ఫోన్ పెట్టెయ్."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఉడుతకూ అనుమానం వచ్చింది. చూసింది తన కళ్లా, తన కడుపుమంటా? కానీ పిల్లల ప్రాణాలాయె. తిన్నగా కెమిస్ట్ దగ్గరికి వెళ్లి ఐడీ కార్డు చూపించింది.

"నా శాంపిల్ నేను చూసుకోలేదా?" అని ఉరిమాడాయన.

"మీరు అద్దం చూసుకున్నారు మాస్టారూ. అయినా నన్ను నమ్మొద్దు. మా ఇద్దర్నీ ఎరగనివాళ్లు ఎవరైనా చూడాలి."

కెమిస్ట్ గడ్డం గోక్కున్నాడు. "యంత్రం విన్న ముడి సిగ్నల్ ఉంది. దాన్ని ఇప్పుడే మా కెమిస్టుల ఓపెన్ ఫోరంలో పెట్టొచ్చు. కానీ అక్కడ కళ్లద్దాలాయన ఒకడున్నాడమ్మా. నేనంటే వాడికి చచ్చేంత అసూయ. వెంట్రుకంత తప్పు దొరికినా నెలంతా ఉతుకుతాడు."

"అయితే మనకి ఆయనే కావాలి. అసూయపడేవాడు చూసినంత శ్రద్ధగా పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ చూడరు."

తయారీ విధానంతో పాటు సిగ్నల్ వెళ్లింది. గడియారం పన్నెండుకు చేరువైంది. ఉన్నట్టుండి తెర మీద జవాబు మెరిసింది.

"మహానుభావా, మీ విధానంలో వచ్చే అణువు ఇది కాదు, దాని చెల్లెలు. ఒక శిఖరం తక్కువ. పైగా అసిటోన్ గుమ్మంలో చుట్టంలా నిలబడి ఉంది. గొట్టం కడగడం కూడా మరిచారా?"

కెమిస్ట్ మొహం పాలిపోయింది. "అసిటోనా! మేం గొట్టాలు దాంతో కడగం. ఎంత ఆరబెట్టినా మిగిలిపోయి బొమ్మలో కనబడుతుంది."

"మరి ఇంకెక్కడుంటుంది?"

"గోళ్ల రంగు తుడిచే సీసాలో..."

ఇద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు చూశారు. నెమలి అప్పటికే గాలిలో ఉంది. ఎగిరి కంప్యూటర్ మీద పడబోతోంది. పబ్లిష్ బటన్ ఒక్కటి నొక్కితే తప్పు బొమ్మ లోకమంతా వెళ్లిపోతుంది.

"ఆగక్కా!"

"అడ్డు లేవే! సముద్రం ఒడ్డున బంగళా ఇస్తామన్నారు!"

ఆ మాటకు ఉడుత చెయ్యి క్షణం ఆగింది. బంగళా కూడా ఆవిడకేనా! మరుక్షణం గాజుసామాను కడిగే బకెట్ బోర్లించింది. సబ్బునీళ్లలో నెమలి నిలువునా జారింది. ఆవిడ వేలు బటన్‌కి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. కెమిస్ట్ ప్లగ్గు పీకేశాడు. గడియారం పన్నెండు కొట్టింది.

అసలు మందు ఇంకా లాకర్‌లోనే ఉంది. కొత్త గొట్టం, కొత్త బొమ్మ. కాస్త ఆలస్యంగానైనా అంతా నెట్‌లోకి వెళ్లింది. కళ్లద్దాలాయన అందరికన్నా ముందే దింపుకుని "ఈసారి పరవాలేదు" అని రాశాడు.

బేడీలు వేయించుకుంటూ నెమలి అడిగింది. "ఎప్పట్నించి నా మీద నిఘా పెట్టావే?"

"పెళ్లయి అత్తింటి గడప తొక్కిన రోజు నుంచి అక్కా."

సాయంత్రం ఛీఫ్ ఇచ్చిన మెడల్‌తో ఉడుత ఇల్లు చేరింది. అత్తగారు టీవీలో అరెస్ట్ చూస్తున్నారు. మెడల్ వంక చూడకుండానే నిట్టూర్చారు.

"నేరం చేస్తే చేసింది గానీ, చూడవే, నిలువునా తడిసి జీపెక్కేటప్పుడు కూడా పెద్దకోడలి బట్ట నలగలేదు. నువ్వూ ఉన్నావు."