సరిత కట్టిన మండె

లంచ్ బెల్ మోగగానే సరిత పరుగున వెళ్లి స్టోర్ రూమ్ తాళం తీసింది. గోనెసంచి మూతి విప్పింది.

వడ్లకు చిన్నగా తెల్ల మొలక రావాలి. వచ్చినవేమో పొడవాటి వేర్లు! చిక్కుపడిన జడలా ఒకదానికొకటి పెనవేసుకున్నాయి. విడదీయబోతే పుటుక్కున తెగిపోతున్నాయి.

మాడుగులపల్లి దగ్గరున్న ఆ ప్రైవేటు హైస్కూలు చాలా చిన్నది. గదులు తక్కువే కానీ ప్రోగ్రాములకు కొదవ లేదు. ఖోఖో ఉంది, నాటకం ఉంది, ఎనిమిదో తరగతికి సేద్యం కూడా ఉంది. బడి వెనక చిన్న మడి వాళ్లదే. శనివారంలోగా అమ్మానాన్నల ముందు అందులో వడ్లు చల్లాలి. లేదంటే ఈ సీజనంతా మడి ఖాళీయే.

నానబెట్టిన వడ్లను గోనెసంచిలో మూటకట్టి మొలకెత్తిస్తారు. దాన్నే మండె కట్టడం అంటారు. సోమవారం ఆ పని చేసింది క్లాస్ లీడర్ సరితే.

"ఎవ్వరూ ముట్టొద్దు. నేనే చూస్కుంట" అని తాళంచెవి జేబులో వేసుకుంది. మర్నాడు అదే జేబుతో ఖోఖో ఆడటానికి సూర్యాపేట వెళ్లిపోయింది. ఆటలో పడ్డాక మండె గుర్తుంటే ఒట్టు!

"నిన్ననే విప్పాల్సి ఉండె," వెనకే వచ్చిన క్లాస్‌మేట్ కిష్ట్యా అన్నాడు. "తాళంచెవేమో నీ తాన ఉండె."

ఆ వడ్లు కిష్ట్యా వాళ్లమ్మ ఇచ్చినవి.

ఇంతలో సేద్యం నేర్పే అరుణ టీచర్ వచ్చి సంచిలోకి చూసింది. ఆమెది కోదాడ, మాట కాస్త వేరు. "అయ్యో, ఏమైందమ్మా? విత్తనాలు మంచివి కావా?"

కావంటే చాలు, గండం గట్టెక్కుతుంది. సరిత నోరు తెరిచింది. పక్కన కిష్ట్యా తల దించుకున్నాడు. అది చూసి సరిత మనసు చివుక్కుమంది.

"ఇత్తనాలు మంచియే టీచర్. తప్పు నాది. తాళంచెవి నేనే పట్టుకపోయిన."

కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంది. "ఇంకా కొన్ని వడ్లు మిగిలినయ్. ఇయ్యాలనే నానబెడితే శనివారానికి అయితయా టీచర్?"

"అవుతాయి. రేపు సాయంత్రం మండె కట్టాలి. శుక్రవారం మధ్యమధ్యలో నీళ్లు చల్లుతూ చూసుకోవాలి. కానీ ఆ రోజు నీకు కోదాడలో మ్యాచ్ ఉంది కదా?"

సరిత తాళంచెవి తీసి కిష్ట్యా చేతిలో పెట్టింది. "నేనొచ్చేదాక ఆగకు. నీకెప్పుడు విప్పాలనిపిస్తే అప్పుడే విప్పు."

శుక్రవారం కోదాడ బస్సులో ఆమె చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. జేబు ఖాళీ. మండె ఎలా ఉందోనని మనసు పీకింది. అయినా "కిష్ట్యా ఉన్నడు" అనుకుని, షూ లేసులు బిగించుకుంది.

శనివారం పొద్దున కిష్ట్యా సంచి విప్పాడు. గింజ గింజకూ నూకంత తెల్ల మొలక!

మడి గట్టు మీద టీచర్ మొదటి దోసిలి లీడర్ చేతుల్లో పోసింది. సరిత దాన్ని కిష్ట్యా చేతుల్లోకి ఒంపింది.

"నువ్వే ముందు సల్లు" అని, తాను పోయి లైన్ చివర నిలబడింది.