కొత్త పికప్‌కి పసుపు

2009 జూన్. ఆదివారం, ఉదయం 6:40. ఫీనిక్స్‌కి పడమట ఎడారిలో పగిలిన నీలం డ్రమ్ము. పక్కనే చచ్చిపడిన కొయోటీ నక్క.

కౌంటీ ఇన్వెస్టిగేటర్ రఘువీర్ ముక్కు మూసుకున్నాడు. లేబుల్ చింపేశారు. టైరు గుర్తులు గాలికి పోయాయి. ఎండ సంగతి చెప్పాలా? అక్కడ జూన్‌లో తేళ్లు కూడా చెప్పులు అడుగుతాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

డ్రమ్ములో ఉన్నది సర్క్యూట్ బోర్డులు కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు. దగ్గర్లో అలాంటి ఫ్యాక్టరీ ఒకటే. వెళ్లి చూస్తే షెడ్డులో నాలుగు డ్రమ్ములు మాయం.

"ఇంకెవరు? మా కెమిస్ట్ వినీత్!" అన్నాడు ఓనర్ లక్ష్మీపతి. "రేపు ఇన్‌స్పెక్షన్. భయపడి పారేశాడు."

"నాకు ట్రక్కే లేదు సార్!" అన్నాడు వినీత్. "జాబ్ పోతే నా హెచ్‌వన్ వీసా పోతుంది."

"షెడ్డు తాళాలు?"

"నా దగ్గరొకటి, ఓనర్‌గారి దగ్గరొకటి."

"నా పికప్ చూసుకోండి రఘువీర్‌గారూ!" లక్ష్మీపతి రొమ్ము విరిచాడు. "నిన్ననే కొన్నా. సాయంత్రం గుడిలో పూజ. కుంకుమ నిండుకుందని పూజారి ముందూ వెనకా ఉత్త పసుపే పూశాడు. గుడి నుంచి తిన్నగా ఇంటికే."

బండి తళతళలాడుతోంది. ఇసుక రేణువు లేదు. రఘువీర్ మూడుసార్లు చుట్టూ తిరిగాడు. ఏమీ లేదు. బాస్ ఫోన్. ఎవర్నో ఒకర్ని అరెస్ట్ చెయ్యమంటాడు. ఒళ్లుమండి టైరుని తన్నాడు. టైరుకేం కాలేదు.

కాలి వేలు పట్టుకుని బండి వెనక కూలబడ్డాడు. తలెత్తాడు. ఆగిపోయాడు.

"ముందు పసుపు పచ్చగానే ఉంది. వెనకది ఎర్రబడిందేం?"

"అది... కుంకుమండీ."

"నిండుకుందన్నారుగా?"

రఘువీర్ ముందువైపు పసుపు కాస్త పేపర్ ప్లేట్‌లోకి గీకాడు. డ్రమ్ము శాంపిల్ ఒక్క చుక్క వేశాడు.

ఎర్రబడింది.

"పారాణి ఎలా కలుపుతారు? పసుపులో సున్నం. కాస్టిక్‌దీ అదే గుణం. కారే డ్రమ్ముల్ని వెనక తలుపు మీదుగా దొర్లించారు. బండంతా కడిగి, ఇదెందుకు వదిలేశారు?"

లక్ష్మీపతి తల దించుకున్నాడు. "కొత్త బండి. దేవుడి పసుపు తుడిస్తే అశుభం కదండీ."

"మిగతా మూడు డ్రమ్ములెక్కడ?"

"చీకట్లో పడేశా. ఆ పొదలన్నీ ఒకేలా ఉన్నాయి. గుర్తు లేదు."

రఘువీర్ తల పట్టుకున్నాడు.

"సార్," అన్నాడు వినీత్ మెల్లగా, "ఓనర్‌ని తీసుకెళ్తే ఫ్యాక్టరీ మూతే. మరి నా హెచ్‌వన్?"

రఘువీర్ వాటర్ బాటిల్ ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"పద. ముందు డ్రమ్ములు వెతుకుదాం."