పద్నాలుగిళ్ల గట్క

తెల్లారేసరికే సుక్కమ్మ వాకిట్లో పెద్ద గుండిగ కింద మంటపెట్టి జొన్నరవ్వ గట్క కలియబెడుతోంది. రెండు నెలలుగా ఆమెకు రోజూ ఇలాగే తెల్లారుతోంది.

ఆ ఏడు రామన్నపేట పక్క వానలు పడలేదు. వాడలోని మగవాళ్లు గొర్ల మందలను తోలుకొని నందికొండ దిక్కు పోయారు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ పిల్లలూ మిగిలారు. ఎండిపోని బావి సుక్కమ్మ భర్త ఐలేశానిదొక్కటే, అందుకే మగవాళ్లలో అతడొక్కడే ఊళ్లో ఆగాడు. దాని కింద అందరం కలిసి కూరగాయలు పండిద్దామని, ఉన్న జొన్నలు ఒక్కచోట పోసి ఒకటే పొయ్యి మీద వండుకుందామని అన్నది అతడే. పద్నాలుగిళ్లవాళ్లు వంతులవారీగా బావి కాడ పనిచేస్తున్నారు. వంటకు మాత్రం వంతుల్లేవు. పొయ్యి ఐలేశం వాకిట్లో ఉంది కాబట్టి సుక్కమ్మే వండుతుందని అందరూ అనుకున్నారు. తిన్నవాళ్లంతా ఐలేశం చెయ్యి చల్లగుండాలని దీవించి పోయేవారు.

ఆ పొద్దు సుక్కమ్మకు ఒళ్లు కాలిపోతోంది. జర కూసొమ్మని అత్త బక్కమ్మ అరుగు మీద నుంచి రెండుసార్లు చెప్పింది. కూర్చుంటే గట్క అడుగంటుతుంది. అప్పుడే ఐలేశం బావి కాడి నుంచి వచ్చి, రేపటి నుంచి పక్క వాడవాళ్లు ఇంకో ఆరిళ్లు వస్తారని, తానే రమ్మన్నానని సంతోషంగా చెప్పాడు.

సుక్కమ్మ తెడ్డు కింద పెట్టింది.

"నన్నొక్క మాట అడిగినవా?"

"ఆకలైతాందని వస్తే వద్దంటనా?"

"వద్దనమంటలేను. అడిగినవా అంటున్న."

ఐలేశానికి కోపం వచ్చింది. నలుగురికి పెట్టే కాడ మనసు చిన్నది చేసుకోవద్దన్నాడు. సుక్కమ్మ గోడకు ఆనుకొని కూలబడింది.

బక్కమ్మ మెల్లగా అరుగు దిగింది.

"కొడకా, రాత్రి నీ పెండ్లాం ఏం తిన్నది?"

గట్కే తిని ఉంటుందన్నాడు ఐలేశం.

"అడుగు గీకి, నీళ్లు కలుపుకొని తాగి పండుకున్నది. మొన్న గూడ గంతే. నేను చూసుకుంట ఊకున్న. మీ బాపు ఉన్నప్పుడు నేను గట్లనే బతికిన, కోడలన్నంక గంతే అనుకున్న. తప్పు నాది గూడ ఉన్నది."

ఏ ఇంట్లో ఎవరు తినలేదో రోజూ అడిగి తెలుసుకునే ఐలేశం సొంత ఇంట్లో ఆ మాట ఎన్నడూ అడగలేదు. వంగి సుక్కమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"గింత జరముంటే చెప్పకపోతివి."

"చెప్తే ఎవలు కలుపుతరు?"

ఐలేశం తెడ్డు తీసుకున్నాడు. తిండికి వచ్చిన ఆడవాళ్లు అతన్ని పొయ్యి ముందు చూసి ఆగిపోయారు. అతడు సంగతి చెప్పాడు, ఏదీ దాచకుండా. పక్కింటి లీలమ్మ తల దించుకుంది. రేపటి నుంచి పూటకు రెండిళ్లవాళ్లం వండుతామని, కొత్తగా వచ్చేవాళ్లకూ వంతు పెడదామని అన్నది. మిగతావాళ్లు సరేనన్నారు.

లీలమ్మే మోదుగాకు విస్తరి వేసి సుక్కమ్మను పిల్లల పక్కన కూర్చోబెట్టింది. ఐలేశం వడ్డించాడు. గట్క ఉండలు కట్టింది, మాడువాసన కొడుతోంది. సుక్కమ్మ తల వంచుకొని తిన్నది. కన్నీళ్లు విస్తట్లో పడుతున్నా తుడుచుకోలేదు. విస్తరి ఖాళీ అయ్యింది.

ఐలేశం గంటె పట్టుకొని ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంక జర పెట్టు," అన్నది సుక్కమ్మ.